రమణ గోగుల: బ్యాండు, బాణీ, గోదారి గట్టు

రమణ గోగుల విశాఖపట్నం నుంచి వచ్చిన రాక్ గాయకుడు, తెలుగు సినిమా సంగీత దర్శకుడు. 1990ల్లో మిస్టీ రిథమ్స్ బ్యాండుతో పేరు తెచ్చుకుని, 1998లో ‘ప్రేమంటే ఇదేరా’తో సినిమాల్లో అడుగు పెట్టారు. ‘తమ్ముడు’ (1999), ‘బద్రి’ (2000), ‘యువరాజు’ (2000), ‘జానీ’ (2003), ‘లక్ష్మి’ (2006), ‘అన్నవరం’ (2006), ‘యోగి’ (2007) ఆయన సంగీతంతో వచ్చాయి. తర్వాత సినిమాలకు దూరంగా, సాంకేతిక వ్యాపార రంగంలో ఎక్కువ కాలం గడిపారు. 2025 సంక్రాంతికి ఒకే ఒక్క పాట పాడి మళ్లీ ఊరూరా మోగారు. ఆ పాటలో ఆయనకు జోడీగా పాడింది గోదావరిఖనిలో పుట్టిన మధుప్రియ. సముద్రం పక్కన గిటారు పట్టుకున్న గొంతూ, బొగ్గుబావుల పక్కన పెరిగిన గొంతూ ఒక పాటలో కలవడానికి పాతికేళ్లు దాటింది. ఆ ఆలస్యం వెనక తెలుగు పాట ఎలా తయారవుతుంది, ఎవరి చేతిలో తయారవుతుంది అన్న కథ ఉంది. ఈ వ్యాసంలో సగం రమణ గోగులది, మిగతా సగం ఆ కథది.

నిర్మాత అంటే ఎవరు?

ఇంగ్లండులోనూ అమెరికాలోనూ రికార్డ్ ప్రొడ్యూసర్ అంటే పాటకు రికార్డింగ్ గదిలో రూపం పోసే మనిషి. డ్రమ్ములకు మైకు ఎంత దూరంలో పెట్టాలి, గాయకుడు ఆరుసార్లు పాడితే అందులో ఏది ఉంచాలి, రెండో చరణం అసలు అవసరమా అన్నవి ఆయన తేల్చే విషయాలు. బీటిల్స్‌కు ఆ పని చేసిన జార్జ్ మార్టిన్ రాక్ మనిషి కాడు, శాస్త్రీయ సంగీతం చదువుకున్నవాడు. ఆయన తర్వాతి తరంలో బ్యాండుల్లో వాయించినవాళ్లే ఆ కుర్చీలోకి వచ్చారు. రాక్సీ మ్యూజిక్‌లో సింథసైజర్ వాయించిన బ్రయన్ ఈనో, డేనియల్ లాన్వాతో కలిసి యూటూ బ్యాండుకు ‘ద జాషువా ట్రీ’ (1987) చేసిపెట్టాడు. నిర్వానా ‘నెవర్‌మైండ్’ (1991) వెనక ఉన్న బుచ్ విగ్ స్వయానా డ్రమ్మరు. అదే నిర్వానాకు తర్వాతి ఆల్బమ్ రికార్డు చేసిన స్టీవ్ ఆల్బినీది మరో తిక్క. తనను ప్రొడ్యూసర్ అనొద్దనేవాడు, ‘రికార్డు చేసింది ఫలానా’ అని వేస్తే చాలనేవాడు. అమ్మకాల మీద వచ్చే రాయల్టీ కూడా తీసుకునేవాడు కాదు. ప్లంబరుకు ఇచ్చినట్టు కూలి ఇస్తే సరిపోతుందన్నది అతని వాదన.

తెలుగులో ఈ పనికి పేరు లేదు. నిర్మాత అనగానే మనకు గుర్తొచ్చేది సినిమాకు డబ్బు పెట్టే మనిషి. చట్టం చూపు కూడా దాదాపు అటే. 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 2(యుయు) ప్రకారం సౌండ్ రికార్డింగుకు నిర్మాత అంటే దాన్ని తయారుచేయించడానికి చొరవా బాధ్యతా తీసుకున్నవాడు. చెవి ఎవరిది, చెయ్యి ఎవరిది అన్న ప్రశ్న అక్కడ రాదు. ఆ రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది. సినిమా పాటల్లో ఆ హక్కు సినిమా నిర్మాత దగ్గర మొదలై ఆడియో కంపెనీకి చేరేది. బాణీ కట్టినవాళ్లకూ పాట రాసినవాళ్లకూ రాయల్టీలో వాటా ఇచ్చి తీరాలని చట్టంలోకి ఎక్కింది 2012 సవరణతోనే.

పేరు లేకపోయినా పని ఆగలేదు. సంగీత దర్శకుడు, అరేంజరు, కీబోర్డు ప్రోగ్రామరు, సౌండ్ ఇంజినీరు తలా కొంత పంచుకుని చేస్తూ వచ్చారు. ఈ ముక్కలన్నీ ఒక్కచోటికి తెచ్చిన మనిషి ఎ.ఆర్. రెహమాన్. మద్రాసులో నెమిసిస్ అవెన్యూ అనే రాక్ బ్యాండులో ఉంటూ, మన రాజ్-కోటి దగ్గర కీబోర్డు మీద పనిచేసిన కుర్రాడు 1989లో ఇంటి ఆవరణలోనే స్టూడియో కట్టుకున్నాడు. 1992లో ‘రోజా’ వచ్చింది. గది తనది కాబట్టి గడియారం చూసుకోనక్కర్లేదు. స్టూడియో అద్దె గంటల లెక్కన నడిచే రోజుల్లో ఆ ధీమా చాలామందికి లేదు.

బ్యాండు కుర్రాడు సినిమాకెళ్లాడు

ఎమ్‌టీవీ, ఛానెల్ వీ ఇళ్లలోకి వచ్చిన కాలంలో హిందీలో, ఇంగ్లీషులో సినిమాతో పనిలేని పాప్ ఆల్బమ్‌లకు కొద్ది రోజులు గిరాకీ ఏర్పడింది. రమణ గోగుల ‘ఆయే లైలా’ ఆ అలలోదే. అదే సమయంలో తెలుగు క్యాసెట్ల కొట్టుకెళ్తే దొరికేవి సినిమా పాటలు, అయ్యప్ప పాటలు, జానపదాలు, హరికథలు, మిమిక్రీ. తెలుగు బ్యాండు పాడిన తెలుగు రాక్ అనే అర ఆ కొట్లో ఉండేది కాదు. స్మిత ‘హాయ్ రబ్బా’ లాంటి పాప్ ఆల్బమ్ రావడానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి తెలుగులో రాక్ వినిపించాలనుకున్నవాడికి ఉన్న దారి ఒక్కటే, సినిమాలో దూరడం. జయంత్ సి. పరాన్జీ దర్శకత్వంలో వెంకటేశ్ నటించిన ‘ప్రేమంటే ఇదేరా’ ఆ దారి తెరిచింది.

అసలు గుర్తు పడింది మాత్రం ‘తమ్ముడు’తో. పవన్ కల్యాణ్ హీరో, పి.ఎ. అరుణ్ ప్రసాద్ దర్శకుడు, 1999 జులై 15న విడుదల. హీరో బరిలో దిగడానికి ఒళ్లు వంచి సాధన చేసే ఘట్టానికి రమణ గోగుల పెట్టిన పాట పూర్తిగా ఇంగ్లీషులో ఉంటుంది. పల్లవిలో ఒక ఇంగ్లీషు ముక్క వేసి మిగతాదంతా తెలుగులో నడిపే పాటలు అంతకుముందూ ఉన్నాయి. ఇది అలాంటిది కాదు, మొదటి మాట నుంచి చివరి దాకా ఇంగ్లీషు రాక్ పాటే. నోరు తిరిగినవాళ్లూ తిరగనివాళ్లూ దాన్ని పాడుకున్నారు. అర్థం సగం తెలియకపోయినా గిటారు చెప్పేది చెప్పేసింది.

ఆ గిటారు చేసే పని కొంచెం దగ్గరగా చూడాలి. మామూలు సినిమా పాటలో పల్లవి అయ్యాక వయొలిన్లతో, వేణువుతో ఒక బిట్టు వస్తుంది, తర్వాత చరణం, మళ్లీ బిట్టు. గొంతు పాడుతున్నప్పుడు వాయిద్యాలు ఒదిగి ఉంటాయి. రాక్ పాటకు పునాది రిఫ్. అంటే నాలుగైదు స్వరాల చిన్న వరస, పాట పొడుగునా తిరిగి తిరిగి వచ్చేది. గొంతు దాని మీద స్వారీ చేస్తుంది. ఎలక్ట్రిక్ గిటారులోంచి వచ్చే తరంగాన్ని యాంప్లిఫయర్ మోయగలిగిన దానికన్నా పెద్దది చేస్తే దాని తల కోసుకుపోతుంది. అందులోంచి కొత్త ఉపస్వరాలు పుట్టి ఆ గరగర వస్తుంది. ఇంజినీరు భాషలో అది లోపం, డిస్టార్షన్. రాక్‌వాళ్లు ఆ లోపం కోసమే యాంప్లిఫయర్లు కొంటారు.

రమణ గోగుల గొంతు కూడా దాదాపు అలాగే పనిచేసింది. కొంచెం ముక్కుతో, మాట అంచు కొరుకుతూ పాడతారు. ఘంటసాల, బాలు గొంతులతో పెరిగిన చెవికి ఇది గొంతే కాదనిపించే అవకాశం ఉంది, కొందరికి అనిపించింది కూడా. తెలుగు అక్షరం నలుగుతోందన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ ఆ పాటల్ని శుభ్రమైన ఉచ్చారణతో ఇంకొకరు పాడితే సగం ప్రాణం పోయేది. ఏ పాటకు ఏ గొంతు, ఆ గొంతును ఎంత ముందుకు తేవాలి అని నిర్ణయించడమే ప్రొడ్యూసరు పని అనుకుంటే ‘తమ్ముడు’లో ఆయన చేసింది అదే. ఆ క్యాసెట్టు మీద ఆయన పేరు సంగీతం అన్న మాట పక్కన ఉంది, అంతే.

అదే సినిమాలో పవన్ కల్యాణ్ చేత చిన్న చిన్న జానపద ముక్కలు పాడించారు. ‘జానీ’కి వచ్చేసరికి అలాంటివి రెండు పాటలయ్యాయి. ఇంగ్లీషు రాక్ ఒక పక్క, పల్లె పాట ఇంకో పక్క. అప్పట్లో ఇదంతా హీరోగారి సరదాగా కనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే వచ్చే ఇరవై ఏళ్ల తెలుగు పాట ఆ రెండు ముక్కల మధ్యే నలిగింది.

‘బద్రి’ పూరి జగన్నాథ్ మొదటి సినిమా, పాటలు కుర్రకారుకు బాగా పట్టాయి. పవన్ కల్యాణ్ సొంతంగా దర్శకత్వం వహించిన ‘జానీ’ ఆడలేదు. ‘లక్ష్మి’, ‘అన్నవరం’, ‘యోగి’ మాస్ సినిమాలు, వాటిలో రమణ గోగుల తరహా కంటే ఆ సినిమాల తరహా ఎక్కువ వినిపిస్తుంది. 2009లో సుమంత్ హీరోగా వచ్చిన ‘బోణి’కి సంగీతంతో పాటు నిర్మాణంలోనూ చెయ్యి వేశారు. రికార్డు ప్రొడ్యూసరు అనిపించుకోవలసిన మనిషి చివరికి తెలుగువాళ్లకు తెలిసిన అర్థంలోనే నిర్మాత అయ్యారన్నమాట. 2013లో తేజ ‘1000 అబద్ధాలు’ చేశారు. ఆ తర్వాత చాలా కాలం పాటు ఆయన పాటలు టీవీ పాటల పోటీల్లో, పాత సినిమాల రీ-రిలీజుల్లోనే వినబడ్డాయి.

చౌరస్తా నుంచి సిరిసిల్లకు

ఆయన లేని కాలంలో పరిస్థితి మారింది. ల్యాప్‌టాప్ స్టూడియో అయింది, యూట్యూబ్ క్యాసెట్ల కొట్టు అయింది. హైదరాబాద్‌లో చౌరస్తా అనే బ్యాండు తెలుగు మాటలకు రెగే దరువు వేసి, సినిమా గడప తొక్కకుండానే జనంలోకి వెళ్లగలిగింది. 2020 మార్చిలో కరోనా భయం కొత్తగా ఉన్నప్పుడు చేతులు కలపొద్దని చెబుతూ వాళ్లు చేసిన పాట ఫోను నుంచి ఫోనుకు పాకింది. 1998లో రమణ గోగులకు దొరకని దారి ఇది.

దారి దొరికినా మజిలీ మళ్లీ సినిమానే. ఆ బ్యాండు గాయకుడు రామ్ మిరియాల ‘జాతిరత్నాలు’ (2021)లో రధన్ బాణీకి పాడి ఇంటింటికీ తెలిశారు. ‘డీజే టిల్లు’ (2022) టైటిల్ పాటను తానే కట్టి తానే పాడారు, మాటలు కాసర్ల శ్యామ్‌వి. హైదరాబాద్ బస్తీ పెళ్లి బరాత్‌లో పెద్ద స్పీకర్ల ముందు వినిపించే దరువు, బ్యాండువాడి చేతిలో సినిమా పాట అయింది.

అక్కడినుంచి సిరిసిల్లకు ఒక్క అడుగు. ‘బలగం’ 2023 మార్చి 3న విడుదలైంది. దర్శకుడు వేణు యెల్దండిది సిరిసిల్ల ప్రాంతం, కథదీ అదే నేల. పల్లె మీది పాటను రామ్ మిరియాల, మంగ్లీ పాడారు. రాసినందుకు కాసర్ల శ్యామ్‌కు 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ గీత రచయిత అవార్డు వచ్చింది. మంగ్లీది అనంతపురం జిల్లా. కరీంనగర్ పల్లె పాటలో రాయలసీమ గొంతు ఏమిటని సిరిసిల్లలో ఎవరూ అడిగినట్టు లేదు. చివరి ఘట్టంలో సంగతి వేరు. అక్కడ దుగ్గొండికి చెందిన బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులే తెర మీదికి వచ్చి పాడారు. స్టూడియో మెరుగుతో పనిలేని గొంతులు, ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది. ఆ ఊపిరిని చెరిపేయకుండా ఉంచిన చెవిని మెచ్చుకోవాలి. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు.

‘బలగం’ సంగీత దర్శకుడు భీమ్స్ సిసిరోలియో. బ్యాండు మనిషినీ బుడగజంగాల దంపతులనూ ఒకే సినిమాలో ఇమిడ్చిన ఆయనే, రెండేళ్లు తిరగకముందే రమణ గోగులను వెనక్కి పిలిపించారు.

గోదారి గట్టు, గోదావరి ఖని

అనిల్ రావిపూడి ‘సంక్రాంతికి వస్తున్నాం’ 2025 జనవరి 14న వచ్చింది. అంతకు ముందు నెలలోనే విడుదల చేసిన మొదటి పాట ‘గోదారి గట్టు’. మాటలు భాస్కరభట్ల రాశారు, గొంతులు రమణ గోగుల, మధుప్రియలవి. హీరో వెంకటేశ్. అంటే మొదటి సినిమాలో ఏ హీరోకు బాణీలు కట్టారో, ఇన్నేళ్ల తర్వాత అదే హీరోకు గొంతు ఇచ్చారు.

మధుప్రియ చిన్నపిల్లగా ఉన్నప్పుడే ‘ఆడపిల్లనమ్మా’ పాటతో సభలను ఏడిపించిన అమ్మాయి. తెలంగాణ ఉద్యమ సభల్లో పెరిగిన గొంతు అది, మైదానం చివర నిలబడ్డ మనిషికి వినపడేలా పాడటం అలవాటు. ‘ఫిదా’ (2017)లో పాడిన పాటతో సినిమా గాయనిగా స్థిరపడింది. రమణ గోగుల మైకుకు దగ్గరగా, గుసగుసగా, కింది స్థాయిలో పాడతారు. ఇద్దరివీ రెండు చివరలు. మాట నలిపి పాడే భర్త, తేటగా విప్పి పాడే భార్య. పాటలోని ఆలుమగల సరసం సగం ఈ తేడాలోంచే పుట్టింది. సినిమాలో గోదారి రాజమండ్రి వైపుది. పాడిన ఆమె ఊరి పేరులోనూ గోదారి ఉంది, దాని పక్కన ఖని ఉంది. సింగరేణి బావులు, రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాలు, వాటి అవతల అదే నది.

ఈ నేలకు పాట కొత్త కాదు. వేములవాడ దగ్గర హనుమాజీపేట ఒక్క ఊరే సినారెనూ, ఒగ్గుకథ మిద్దె రాములునూ ఇచ్చింది. ఒకరు మద్రాసు వెళ్లి 1962 నుంచి సినిమా పాటలు రాశారు, ఇంకొకరు ఊళ్లలోనే ఉండి రాత్రుళ్లు తెల్లవార్లూ కథ చెప్పారు. పాత ఆదిలాబాద్ జిల్లా దండేపల్లి మండలం లింగాపూర్‌కు చెందిన గూడ అంజయ్య రాసిన పాటలు ఏ కంపెనీ లేకుండానే రాష్ట్రమంతా తిరిగాయి. మాటకు, గొంతుకు, దరువుకు ఇక్కడ కరువు లేదు. లేనిది రికార్డింగ్ గది. క్యాసెట్టు చేయాలంటే హైదరాబాద్ బస్సెక్కాలి.

ఇప్పుడు ఆ గది కరీంనగర్‌లోనే ఉంది, జగిత్యాలలో ఉంది, మంచిర్యాలలో ఉంది. పై అంతస్తులో పది బై పన్నెండు గది, గోడలకు నల్ల ఫోము, కిటికీకి మందపాటి పరదా, ఒక కండెన్సర్ మైకు, దాని ముందు ఉఫ్‌మనే గాలిని ఆపే జాలి, కంప్యూటరు, కీబోర్డు. టేకు మొదలయ్యే ముందు ఫ్యాను ఆపేస్తారు. మే నెలలో నాలుగు నిమిషాల పాట పాడి గాయని బయటికొస్తే చీర కొంగు తడిసి ఉంటుంది. కింద ఆటో హారన్ కొడితే మళ్లీ మొదటి నుంచి. ఆ కుర్చీలో కూర్చున్న కుర్రాడు బాణీ సరిచేస్తాడు, కీబోర్డు వాయిస్తాడు, మిక్సింగు చేస్తాడు, అదే పాటకు పెళ్లి బరాత్ కోసం డీజే వెర్షనూ చేసిస్తాడు. ఎవరైనా ఏం పని అని అడిగితే ‘మ్యూజిక్ చేస్త’ అంటాడు. ఇంగ్లండులో అతన్ని ప్రొడ్యూసర్ అనేవాళ్లు.

ఈ గదులకు పెద్ద పరీక్ష ఆదిలాబాద్ నుంచి వస్తుంది. దీపావళి ముందు గోండు గూడేల్లో దండారి మొదలవుతుంది, నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఆడతారు. మర్లవాయికి చెందిన కనకరాజు ఆ ఆటకు 2021లో పద్మశ్రీ తెచ్చారు, 2024 అక్టోబరులో చనిపోయారు. ఆ ఆటకు, కేస్లాపూర్ నాగోబా జాతరకు వాయించే డోలు, తుడుం, పెప్రే ఆరుబయట కోసం పుట్టినవి. తుడుం మోత ఆ చిన్న గదిలో గోడలకు కొట్టుకుని గుమ్మని తిరుగుతుంది, మైకు దగ్గర పెడితే మీటరు ఎర్రబడుతుంది, దూరం పెడితే గది మోతే ఎక్కువ. పెప్రే సన్నాయిలా జంట రెల్లు ఉన్న వాయిద్యం, పక్కనున్న గొంతును మింగేస్తుంది. ప్రధాన్, తోటి తెగల కళాకారులు కమానుతో వాయించే కీక్రీ దీనికి పూర్తిగా ఉల్టా, దాని నాదం ఎంత చిన్నదంటే ఫ్యానుతో పాటు కంప్యూటరు డబ్బాను కూడా పరదా అవతలికి నెట్టాలి.

అన్నిటికన్నా చిక్కు శ్రుతి. కీబోర్డు ఒక కొలతకు కట్టి ఉంటుంది, పెప్రే ఆ కొలతను ఎరగదు, రెల్లు ఎలా కుదిరితే అలా పలుకుతుంది. అప్పుడు రెండే మార్గాలు. పెప్రేను రికార్డు చేశాక సాఫ్ట్‌వేర్‌తో లాగి కీబోర్డు శ్రుతిలో కూర్చోబెట్టొచ్చు. అది తొందరగా అయిపోతుంది, పెప్రే మాత్రం ప్లాస్టిక్ పీకలా తయారవుతుంది. లేదంటే ముందు పెప్రే వాయించమని విని, కీబోర్డు శ్రుతినే అటు జరిపి, గాయనిని ఆ శ్రుతిలో పాడమనాలి. దీనికి ఒక పూట అదనంగా పడుతుంది, గూడెం నుంచి పొద్దున జీపులో వచ్చినవాళ్లకు మధ్యాహ్నం భోజనం కూడా పెట్టాలి. రెండో మార్గం పట్టిన కుర్రాడు హెడ్‌ఫోను ఒక చెవికి పెట్టుకుని, ఇంకో చెవి పెప్రే వైపు ఉంచి, ‘తాతా, ఇంకొక్కసారి’ అంటూ లేచి ఫ్యాను ఆపుతాడు.